కనీసం నర్సింగ్ అయినా

నేను నర్సుని. మొన్న ఆదివారం పొద్దున నైట్ డ్యూటీ దిగి ముషీరాబాద్ స్టేషన్‌లో మెట్రో ఎక్కానో లేదో, పిన్ని ఫోన్ చేసింది. చెల్లికి నీట్‌లో మంచి ర్యాంకు రాలేదట. "డాక్టర్ సీటు ఎట్లాగూ లేదు, కనీసం నర్సింగ్‌ల అయినా వేద్దామనుకుంటున్నం బిడ్డా" అంది. ఇంటికొచ్చి పడుకున్నా ఆ 'కనీసం' నన్ను నిద్రపోనివ్వలేదు.

వివరాలన్నీ ఫోన్లోనే చెప్పాను. బైపీసీ చదివింది కాబట్టి బీఎస్సీ నర్సింగ్, 4 ఏళ్లు. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా అయితే 3 ఏళ్లు. పాసయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కావాలి. కాలేజీ బిల్డింగ్ చూసి మోసపోవద్దని, పిల్లల్ని ఏ హాస్పిటల్‌కి పంపుతారో అడిగి, అక్కడి వార్డుల్లో నిజంగా పేషెంట్లు ఉన్నారో లేదో చూసి రమ్మని గట్టిగా చెప్పాను. మా కాలేజీలో ఇంజెక్షన్లు ప్రాక్టీసు చెయ్యడానికి అరవై మందికి ఒక్కటే బొమ్మ ఉండేది. దాని రబ్బరు చేతికి అన్నీ చిల్లులే, సూది గుచ్చితే నీళ్లు కారేవి. మేం పని నేర్చుకున్నది వార్డులోనే.

ఫోన్లో చెప్పలేకపోయింది ఇంకొకటుంది.

సెకండియర్‌లో మెడికల్ వార్డు పోస్టింగ్. గుండె జబ్బున్న ఒక అవ్వకి సెలైన్ పెట్టాలి. మేడమ్ పక్కనే నిలబడి నా చేతికి నీలం రంగు క్యాన్యులా, అంటే నరంలోకి ఎక్కించే సన్నని గొట్టం, ఇచ్చారు. మొదటిసారి నరం తప్పింది, చెయ్యి ఉబ్బింది. నాకు కళ్లలో నీళ్లు. "ఏం గాదు బిడ్డా, ఈ చెయ్యి చూడు" అని అవ్వే రెండో చెయ్యి చాపింది. ఈసారి క్యాన్యులా వెనక రక్తం కనబడింది, నరం దొరికింది. 500 మి.లీ. 8 గంటల్లో వెళ్లాలి. మా డ్రిప్ గొట్టం సెట్టుకి మిల్లీలీటరుకు 20 చుక్కలు, అంటే నిమిషానికి 21. వాచీ చూస్తూ లెక్కపెట్టి, చుక్కల వేగం మార్చే రోలర్ సరిచేశాను.

అరగంట తర్వాత ఇంకో బెడ్ దగ్గరికి వెళ్తూ అటు చూస్తే చుక్కలు కాదు, ధారలా పోతోంది. త్వరగా అయిపోతే అవ్వ పడుకుంటుందని మనవడు రోలర్ తిప్పేశాడు, పాపం ప్రేమతోనే. అవ్వ లేచి కూర్చుని ఆయాసపడుతోంది. ఊపిరి లెక్కపెడితే నిమిషానికి 34, చాలా ఎక్కువ. గుండె అంత నీటిని తోయలేకపోతే అది ఊపిరితిత్తుల్లో చేరుతుందని క్లాసులో చదివిందే, కళ్ల ముందు జరుగుతోంది. డ్రిప్ ఆపేసి, మంచం తలవైపు ఎత్తి, సిస్టర్‌ని కేకేశాను. సిస్టర్ ఆక్సిజన్ పెట్టారు, డాక్టర్ పరిగెత్తుకొచ్చి ఒంట్లో ఎక్కువైన నీటిని మూత్రంలో పోగొట్టే లాసిక్స్ ఇంజెక్షన్ చేయించారు. రాత్రికి అవ్వ కాస్త జావ తాగింది.

ఆ అరగంటలో అటు చూసే పని డాక్టర్‌ది కాదు, నాది. దాన్ని 'కనీసం' అంటే నేను ఒప్పుకోను.

కష్టాలు లేవని అనను. ప్రైవేటులో నా మొదటి జీతం చూసి ఏడ్చాను. ఆడపిల్లకి నైట్ డ్యూటీలేందని నాయిన ఏడాది పాటు సరిగా మాట్లాడలేదు. చెల్లి ఇవన్నీ తెలిసే చేరాలి, సీటు రాలేదన్న బాధతో కాదు.

బుధవారం నాకు ఆఫ్. ఆ రోజు చెల్లిని పంపమన్నాను. సెకన్ల ముల్లున్న వాచీ ఒకటి కొని పెట్టాను. అన్నీ విని, చేరతానంటే తన చేతికి కడతాను.