గుణదల మరియమ్మ దగ్గర మా పాప మొక్కు తీరింది

నిన్న రాత్రే విజయవాడ గుణదల మరియమ్మ కొండ నుంచి ఇంటికొచ్చాం, పిక్కలు ఇంకా లాగేస్తున్నాయి, అయినా ఇది రాయకుండా ఉండలేకపోతున్నా. కిందటేడు మా పాపకి న్యుమోనియా వచ్చి ఐసీయూలో ఉన్నప్పుడు బయట బెంచీ మీద కూర్చుని జపమాల చెప్పుకుంటూ మొక్కుకున్నా, తల్లీ, నా బిడ్డ లేచి తిరిగితే నీ కొండ మీద తలనీలాలు ఇప్పించి, చెప్పుల్లేకుండా కొండ మీది సిలువ దాకా మోసుకొస్తానని. పాప లేచింది.

ఫిబ్రవరి 11, పండగ చివరి రోజు. ఫ్రాన్సులోని లూర్దులో 1858లో ఇదే రోజున ఆ తల్లి బెర్నదెత్తమ్మ అనే పేదింటి పిల్లకి మొదటిసారి కనిపించింది, ఈ రోజునే శ్రీసభ, అంటే మా కతోలిక సంఘం, రోగుల కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తుంది, అందుకే మాకు ఇదే రోజు కావాలనిపించింది. కానీ జనం అంటే జనం కాదు, బస్సు దిగిన దగ్గర్నుంచి తోపులాటే, ఒక చేత్తో ఫోన్లో వీడియో తీసుకుంటూ ఇంకో చేత్తో ముందువాళ్ళని నెట్టడం ఏం భక్తో నాకు అర్థం కాదు. గుండు చేయించేసరికే పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నా భుజం మీద నిద్రపోయింది.

మెట్లు మొదలుపెట్టాక మధ్యాహ్నం అయిపోయింది. రాయి కాలుతోంది, జపమాలలో యేసయ్య శ్రమల్ని తలుచుకునే దుఃఖ దేవరహస్యాలు చెప్పుకుంటూ ఎక్కుతున్నా, సగం దూరం వెళ్ళాక పైనుంచి దిగేవాళ్ళు ఒక్కసారిగా మీద పడ్డారు, ఊపిరాడలేదు, మా ఆయన ఎటుపోయాడో కనపడలేదు. అప్పుడు ఒక పెద్దామె, నుదుటి మీద రూపాయంత కుంకుమ బొట్టు, నా జబ్బ పట్టుకుని గోడ వైపుకి లాగేసింది. "పసిబిడ్డ ఉందయ్యా, జరగండి!" అని ఒక్క అరుపు అరిచింది. తన కొంగు తీసి పాప గుండు మీద కప్పి, "నువ్వు నీ జపం చేసుకో అమ్మాయ్, నేను ముందు నడుస్తా" అంది. ఆమె చేతిలో వెలిగించని కొవ్వొత్తి ఎండకి వంగిపోయి ఉంది. ఏటా వస్తుందట, మోకాళ్ళు నెప్పులున్నా మానదట, "మరియమ్మ మా అమ్మ కదా" అంది అంతే.

మరియమ్మ స్వరూపం ఉన్న గుహ దగ్గర ఎంతసేపు చూడనిచ్చారని, నడవండి నడవండి అంటూనే ఉన్నారు. పూలదండల మధ్య ముఖం, నీలం నడికట్టు కొస మాత్రం కనపడ్డాయి. నోటికి ఏ ప్రార్థనా రాలేదు, పాపని కొంచెం పైకెత్తి చూపించా. 1924లో ఆర్లాటి ఫాదర్ గారు ఇక్కడ ఆ తల్లి స్వరూపం పెట్టిన దగ్గర్నుంచి ఎంతమంది తల్లులు ఇలాగే పిల్లల్ని ఎత్తి చూపించి ఉంటారో! అక్కణ్ణుంచి సిలువ దాకా ఎక్కాక పెద్దామె తన కొంగు తీసుకుని జనంలో కలిసిపోయింది.

మా పిన్ని వాళ్ళు పెంతెకొస్తు, యేసయ్య ఉండగా మరియమ్మని అడగడం ఎందుకని ఎప్పుడూ అంటారు. ఆమెని దేవుడిగా మేం ఆరాధించం పిన్నీ, మాకోసం ప్రార్థించమని అడుగుతాం. బైబిల్లో కానా ఊరి పెళ్ళిలో ద్రాక్షరసం అయిపోతే కొడుక్కి చెప్పింది ఆమే, పనివాళ్ళతో ఆయన చెప్పినట్టు చెయ్యమన్నదీ ఆమే. ఆమె దగ్గరికి వెళ్ళినవాళ్ళని ఆమె ఆయన దగ్గరికే పంపిస్తుంది.

నన్నూ అలాగే పంపింది. కిందకి దిగి ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం చేసి, సాయంత్రం దివ్యబలిపూజలో (మాస్‌లో) కూర్చున్నా. అప్పంలో ఆయనే ఉన్నాడని చిన్నప్పుడు సిస్టర్లు నేర్పింది నిన్న ఒళ్ళంతా తెలిసింది. ఫాదర్ గారు "క్రీస్తు శరీరము" అన్నారు, ఆమెన్ అనబోతే గొంతు పూడుకుపోయింది, ఆయన ఆగారు, రెండోసారి అన్నా. పాప నిద్రలేచి ఆయన చేతిలో పాత్ర అందుకోబోయింది, ఆయన నవ్వి గుండు మీద సిలువ గుర్తు వేశారు.

వచ్చే ఏడు మళ్ళీ వెళ్తాం, పండగ మొదలయ్యే తొమ్మిదో తారీఖునే, అదీ తెల్లవారుజామునే, చిన్నపిల్లలున్నవాళ్ళు ఎవరైనా మధ్యాహ్నం మాత్రం ఎక్కకండి.