మాయమై తిరిగి వచ్చే పట్టీలు: మైకెల్సన్ వ్యతికరణమాపకం పని ఎక్కడిదాకా వచ్చిందంటే

ఇంతకాలం కొరుకుడు పడని చిక్కు ఎట్టకేలకు విడిపోయింది. ఒకే కాంతిని రెండు కిరణాలుగా చీల్చి, భుజాలనే రెండు దారుల్లో పంపి, అద్దాల నుంచి తిరిగి వచ్చాక కలిపితే ఏర్పడే వెలుగు చీకటి పట్టీలను చూపే పరికరమే మైకెల్సన్ వ్యతికరణమాపకం. నా మైకెల్సన్ వ్యతికరణమాపకంలో పట్టీలు స్పష్టంగా కనబడుతూ కనబడుతూ ఉన్నట్టుండి కరిగిపోవడానికీ, కాసేపటికి వాటంతట అవే తిరిగి రావడానికీ కారణం బల్ల అదురూ కాదు, గాలి కదలికా కాదు. కారణం లేజర్ డయోడేనని ఇప్పుడు కొలతలతో సహా చెప్పగలను. ఈ ఆనందం చల్లారకముందే ఆ కొలతలన్నీ రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను.

మిగతా పని సాఫీగానే సాగింది. భుజాలు రెండూ సుమారు 20 సెంటీమీటర్ల చొప్పున అమరాయి. కదిలే అద్దం 0.13 మిల్లీమీటరు జరిగేసరికి 400 పట్టీలు దాటిపోయాయి కాబట్టి తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లని తేలింది.

ఇక అసలు విషయం. లేజర్ వెలిగించిన మొదటి నిమిషాల్లో తెర మీద ఎరుపు, నలుపు వలయాలు గీసినట్టు ఉండేవి. తరువాత నల్లని వలయాల్లోకి మెల్లగా ఎరుపు చేరేది, చివరికి తెర అంతా ఒకే తీరు ఎర్రని మరకగా మారేది. ఆ స్థితి ఒక్కోసారి నిమిషం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సేపు ఉండి, ఎవరూ ముట్టుకోకుండానే వలయాలు మళ్లీ తేలేవి. కంటితో చూసి అంచనా వేస్తే లాభం లేదని, తెర స్థానంలో అర మిల్లీమీటరు రంధ్రం వెనుక కాంతి తీవ్రతను వోల్టేజిగా చూపే ఫొటోడయోడ్ పెట్టాను. స్థిరంగా ఉండే అద్దం వెనుక వోల్టేజి ఇస్తే కొద్దిగా వంగే పియజో బజర్ బిళ్ల అతికించి, దానికి క్రమంగా పెరిగి తగ్గే వోల్టేజి ఇస్తే పట్టీలు రంధ్రం మీదుగా అటూ ఇటూ జరుగుతాయి. అప్పుడు గరిష్ఠ, కనిష్ఠ కాంతి తీవ్రతలు రెండూ నమోదవుతాయి. వాటి భేదాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే పట్టీల స్పష్టత. బాగున్నప్పుడు 3.1, 0.4 వోల్టులు వచ్చాయి, అంటే స్పష్టత 0.77. కరిగిపోయినప్పుడు 1.9, 1.6 వోల్టులు వచ్చాయి, అంటే స్పష్టత 0.09 మాత్రమే. రెండు సందర్భాల్లోనూ సగటు 1.75 వోల్టులే ఉండటం నాకు దొరికిన మొదటి ఆధారం. కాంతి ఎక్కడికీ పోవడం లేదు, రెండు కిరణాలూ నిండుగానే వస్తున్నాయి. వాటి మధ్య వ్యతికరణం మాత్రమే చెడుతోంది.

ఎవరికైనా ముందుగా అనుమానం వచ్చేది కంపనాల మీదే. 1881లో ఈ పరికరాన్ని రూపొందించిన మైకెల్సన్‌కే బెర్లిన్‌లో వీధి రాకపోకల అదురు పడక పరికరాన్ని పోట్స్‌డామ్‌కు తరలించవలసి వచ్చింది. 1887లో క్లీవ్‌లాండ్‌లో మోర్లీతో కలిసి చేసిన ప్రయోగంలో పెద్ద ఇసుకరాతి పలకను పాదరసం మీద తేలించారు. నేను గ్రానైట్ పలకను సగం గాలి నింపిన ట్యూబు మీద ఉంచాను. అదురును పీల్చుకునే రబ్బరు లాంటి సోర్బోథేన్ పాదాలు మంచివే గానీ, మోసే బరువుకు తగిన గట్టిదనం ఎంచుకుంటేనే పని చేస్తాయి. ట్యూబులో అయితే గాలి తగ్గించి పెంచి సరిచూసుకోవచ్చు, నా ఓటు దానికే. ఇంత చేసినా పట్టీలు కరగడం ఆగలేదు. అయినా అనుమానాన్ని అనుమానంగా వదలకుండా ఫొటోడయోడ్‌ను సెకనుకు 2000 సార్లు చదివించాను. కంపనమే కారణమైతే కాంతి 0.4 నుంచి 3.1 వోల్టుల దాకా వేగంగా ఊగుతూనే ఉండాలి, ఆ వేగాన్ని అందుకోలేక కన్ను మాత్రమే దాన్ని సగటు మరకగా చూడాలి. కరిగిన స్థితిలో ఒక్క రీడింగు కూడా 1.6 కిందికి పోలేదు, 1.9 దాటలేదు. దీంతో కంపనాల మాట పక్కకు పోయింది.

గాలి సంగతి లెక్కతోనే తేలిపోయింది. గాలి వక్రీభవన గుణకం సుమారు 1.00027, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే అది దాదాపు పది లక్షల్లో ఒక వంతు మారుతుంది. కాంతి ఒక భుజంలో వెళ్లి తిరిగి వచ్చే 40 సెంటీమీటర్ల దారిలో ఆ మార్పు 0.4 మైక్రోమీటరు, అంటే పట్టీలో పదింట ఆరు వంతులు. దానివల్ల పట్టీలు జరుగుతాయి గానీ కరగవు. పరికరం మీద అట్టపెట్టె బోర్లించినప్పుడు జరగడం నెమ్మదించింది, కరగడం మాత్రం అలాగే ఉంది. బ్యాటరీల బదులు స్థిర విద్యుత్ ప్రవాహం ఇచ్చే చిన్న వలయం కట్టి 24 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలిపితే, కరగడం ఆగకపోగా మరింత క్రమబద్ధమైంది. అద్దాల నుంచి కాంతి వెనక్కి వెళ్లి డయోడ్‌లో చొరబడుతోందేమోనని, తిరుగు చుక్క లేజర్ ముఖానికి 3 మిల్లీమీటర్ల పక్కన పడేలా వంచి చూశాను. రీడింగుల్లో గజిబిజి కొంత తగ్గింది, అంతే. కాంతిని రెండుగా చీల్చే ఘనాకారపు కిరణ విభాజకాలు ఈ విషయంలో కాస్త ఇబ్బందికరమైనవి, వాటి ముఖం కిరణానికి లంబంగా ఉంటే కొంత కాంతి నేరుగా వెనక్కే పోతుంది. అయినా పలుచని పలక విభాజకాలు ఇచ్చే జంట ప్రతిబింబాల కన్నా నాకు ఇవే నయమనిపిస్తాయి.

పట్టు దొరికింది ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్‌తో. దాన్ని లేజర్ ఇత్తడి తొడుగుకు అతికించి, ఉష్ణోగ్రతనూ స్పష్టతనూ ఒకే కాగితం మీద గీశాను. లేజర్ వేడెక్కేటప్పుడు పట్టీలు కరిగినవి 27.3, 28.4, 29.6 డిగ్రీల దగ్గర. చల్లారేటప్పుడు అదే సంగతి 29.2, 28.1, 26.9 దగ్గర జరిగింది. దాదాపు సమానమైన అంతరాలు, పైగా దిగేటప్పుడు ప్రతి స్థానమూ కొద్దిగా వెనకబడటం. ఈ రెండు లక్షణాలూ చూడగానే ఇది బల్లకో గాలికో సంబంధించినది కాదని అర్థమైంది.

బిగించిన తీగలో అర తరంగాలు పూర్ణ సంఖ్యలో ఇమిడినప్పుడే స్థిర తరంగం నిలుస్తుందని బడిలో చదువుకున్నాం. లేజర్ డయోడ్ స్ఫటికంలోనూ జరిగేది అదే. స్ఫటికం పొడవు 0.3 మిల్లీమీటరు, అందులో కాంతికి వర్తించే సమూహ వక్రీభవన గుణకం సుమారు 4 అనుకుంటే, అందులో ఇమడగలిగిన తరంగదైర్ఘ్యాలు ఒకదానికొకటి 0.18 నానోమీటరు దూరంలో ఉంటాయి. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ డయోడ్‌కు ఎక్కువ అనుకూలమైన తరంగదైర్ఘ్యం డిగ్రీకి సుమారు 0.2 నానోమీటరు చొప్పున జరుగుతుంది. స్ఫటికంలో ఇమిడే తరంగదైర్ఘ్యాలు మాత్రం డిగ్రీకి 0.05 చొప్పున నెమ్మదిగా జరుగుతాయి. కాబట్టి సుమారు ప్రతి 1.2 డిగ్రీలకూ లేజర్ ఒక తరంగదైర్ఘ్యాన్ని వదిలి పక్కదాన్ని అందుకోవాలి. నా కాగితం మీది అంతరాలు 1.1, 1.2 డిగ్రీలు! ఆ మార్పు జరిగే సంధికాలంలో లేజర్ రెండు తరంగదైర్ఘ్యాలనూ ఒకేసారి వెలువరిస్తుంది. పథభేదం (రెండు కిరణాలు నడిచిన దూరాల తేడా) సరిగ్గా స్ఫటికం పొడవుకు నాలుగింతలైతే, అంటే 1.2 మిల్లీమీటర్లైతే, ఒకదాని వెలుగు పట్టీ మీద రెండోదాని చీకటి పట్టీ పడి రెండూ చెరిగిపోతాయి. కాంతి ప్రతి భుజంలోనూ రెండుసార్లు నడుస్తుంది కాబట్టి భుజాల మధ్య తేడా అందులో సగం, 0.6 మిల్లీమీటరు చాలు.

ఊహ బాగుంది, ఇక రుజువు కావాలి. చిన్న హీటర్ రెసిస్టరుతో లేజర్‌ను 28.4 డిగ్రీల దగ్గర, అంటే సరిగ్గా సంధికాలంలో నిలబెట్టి, అద్దాన్ని జరిపే మైక్రోమీటరు మరను తిప్పుతూ, దాని మీది ఒక్కో రీడింగు దగ్గర స్పష్టత కొలిచాను. 6.10 మిల్లీమీటర్ల దగ్గర 0.78, 6.40 దగ్గర 0.56, 6.70 దగ్గర 0.09, 7.00 దగ్గర 0.54, 7.30 దగ్గర మళ్లీ 0.74. శిఖరం నుంచి శిఖరానికి 1.20 మిల్లీమీటర్లు, లెక్క చెప్పినంతే. మునుపు అద్దం నిలిపి ఉంచింది 6.70 పక్కనే కాబట్టి, సంధికాలం వచ్చిన ప్రతిసారీ పట్టీలు పూర్తిగా మాయమయ్యేవి. తరువాత లేజర్‌ను 28.0 డిగ్రీలకు, అంటే ఒకే తరంగదైర్ఘ్యం ఉండే చోటుకు దించి అవే స్థానాల్లో కొలిస్తే స్పష్టత ఎక్కడా 0.74కు తగ్గలేదు. ఈ రెండో వరుస కొలతలు లేకపోతే మొదటి వరుసకు విలువ లేదని నా అభిప్రాయం.

అయితే ఏ శిఖరం దగ్గర రెండు భుజాలూ నిజంగా సమానం అన్నది ఈ కొలతలు చెప్పలేవు, అన్ని శిఖరాలూ ఇంచుమించు ఒక్కలాగే ఉన్నాయి. ఇక్కడ ఉపయోగపడిన చిట్కా చాలా చక్కనిది. లేజర్ ప్రవాహాన్ని 24 నుంచి 17 మిల్లీ ఆంపియర్లకు, అంటే లేజర్‌గా పని చేయడం మొదలయ్యే పరిమితి కిందికి దించితే, డయోడ్ మామూలు ఎల్‌ఈడీ లాగా మసకగా వెలుగుతుంది. ఆ కాంతిలో తరంగదైర్ఘ్యాల వెడల్పు 15 నానోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి, పథభేదం సుమారు 28 మైక్రోమీటర్ల లోపు ఉంటేనే పట్టీలు ఏర్పడతాయి. 6.10 దగ్గర ఏమీ లేదు, 7.30 దగ్గరా లేదు. 4.91 దగ్గర మైక్రోమీటరు మీద మూడు గీతల మేర మాత్రం పట్టీలు తేలి మళ్లీ పోయాయి. అక్కడే అద్దాన్ని బిగించి, ప్రవాహం తిరిగి పెంచి, లేజర్‌ను 26 నుంచి 30 డిగ్రీల దాకా నెమ్మదిగా వేడెక్కనిచ్చాను. స్పష్టత ఒక్కసారి కూడా 0.74 కిందికి పోలేదు. తరంగదైర్ఘ్యం మారినప్పుడు పట్టీలు ఉలిక్కిపడి జరగడం కూడా ఆగిపోయింది, ఎందుకంటే పథభేదం సున్నా అయినచోట ఏ తరంగదైర్ఘ్యానికైనా దశాభేదం ఒకటే.

హీలియం-నియాన్ లేజర్ కొంటే ఈ బాధే ఉండదని చాలామంది సలహా ఇస్తారు. దానిలోనూ ఒకటికి మించిన తరంగదైర్ఘ్యాలు ఉంటాయి. కాకపోతే 25 సెంటీమీటర్ల గొట్టంలో అవి ఎంత దగ్గరగా ఉంటాయంటే, రెండే వెలువడినప్పుడు పథభేదం 25 సెంటీమీటర్లకు చేరితే గానీ పట్టీలు చెరిగిపోవు. కాబట్టి బల్ల మీది పరికరంలో ఎవరి కంటా పడదు. నేర్చుకోవడానికి మాత్రం ఎర్ర డయోడే మేలంటాను. చవక ఆకుపచ్చ పాయింటర్లను దూరంగా ఉంచండి. వడపోత సరిగా లేనివాటిలోంచి కంటికి కనిపించని పరారుణ కాంతి బయటికి వస్తుంది. పట్టీల స్పష్టత హెచ్చుతగ్గులను బట్టి కాంతిలో ఎన్ని తరంగదైర్ఘ్యాలున్నాయో తేల్చే పద్ధతి మైకెల్సన్‌దే. అలా వెతికే కాడ్మియం ఎర్ర రేఖను ఎంచుకుని, 1892-93లో ఫ్రాన్స్‌లోని సెవ్ర్‌లో మీటరు పొడవును ఆ తరంగదైర్ఘ్యాలలో కొలిచారు. ఆ సంఖ్య 15,53,163.5.

తరువాతి పని గాలి వక్రీభవన గుణకం. 5 సెంటీమీటర్ల గాజు గదిని ఒక భుజంలో పెట్టి, చేతి పంపుతో గాలి తోడేసి, తిరిగి మెల్లగా వదులుతూ పట్టీలు లెక్కపెట్టాలి. పూర్తి శూన్యం నుంచి మామూలు పీడనం దాకా 41 లేదా 42 పట్టీలు దాటాలి. చేతి పంపుతో పూర్తి శూన్యం రాదు కాబట్టి పీడనమాపకం పక్కనే పెట్టి, పీడనానికీ పట్టీల సంఖ్యకూ గీత గీసి వాలు తీసుకోవడమే సరైన దారి. పట్టీల లెక్క ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు అప్పగిస్తాను. ఆ తరువాత సోడియం దీపం, దాని 589.0, 589.6 నానోమీటర్ల జంట రేఖల వల్ల అద్దం 0.29 మిల్లీమీటరు కదిలినప్పుడల్లా స్పష్టత పడి లేవాలి.

గాలి గదికి ముందు ఒక చిన్న ఏర్పాటు మిగిలి ఉంది. దాని రెండు కిటికీలూ మిల్లీమీటరు మందపు గాజు పలకలు, గుణకం 1.52. అవి ఒక భుజంలోకి రాగానే ఆ భుజం 1.04 మిల్లీమీటర్లు పొడవైనట్టే, ఇంత కష్టపడి పట్టుకున్న సున్నా స్థానం తప్పిపోతుంది. అద్దం జరిపి సరిచేయవచ్చు గానీ, అదే పలక నుంచి కోసిన మరో రెండు ముక్కలను రెండో భుజంలో నిలబెట్టడమే నాకు నచ్చిన పద్ధతి. ముక్కలు కోసి పెట్టాను, వాటిని పట్టుకునే చట్రం తయారు కావాలి.