లాంగే కొండల్లో సైకిలు: దూరం కన్నా లోయలే లెక్క

కాస్తిల్యోనె ఫల్లెత్తో ఊరి అంచున నిలబడితే ఎదుటి గట్టు మీద సెర్రలూంగా కోట చెయ్యి చాస్తే అందేట్టు కనిపిస్తుంది. సూటిగా గీత గీస్తే రెండు కిలోమీటర్ల పైచిలుకే. సైకిలు మీద వెళ్ళాలంటే ముందు తల్లోరియా వాగు లోయలోకి జారాలి, ఆపైన దాదాపు 180 మీటర్ల ఎత్తు ఎక్కాలి. దారి పొడుగు రెట్టింపు దాటుతుంది, పట్టే సమయం నాలుగింతలవుతుంది. వాయవ్య ఇటలీలోని పియెమోంతెలో ఉన్న ఈ లాంగే కొండల్లో, సెప్టెంబరు చివర్లో మేం తిరిగిన రెండు రోజులూ ఈ లెక్కతోనే గడిచాయి.

బరోలో వైన్ తయారయ్యే ఈ చిన్న ప్రాంతంలో మూడు పొడవాటి గట్లు ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా పడుకుని ఉంటాయి. పడమటి గట్టు మీద లా మొర్రా, నడిమి దాని మీద కాస్తిల్యోనె ఫల్లెత్తో, తూర్పు దాని మీద సెర్రలూంగా. మోంఫోర్తె దక్షిణాన, నడిమి గట్టు మొదట్లో ఉంటుంది. ఊళ్ళు చాలావరకు కొండ కొప్పుల మీదే. గట్టు వెంట పోయే రోడ్డు కాస్త ఎత్తుపల్లాలతో హాయిగా సాగుతుంది. ఒక గట్టు దిగి ఇంకో గట్టు ఎక్కితేనే తొడలు మండుతాయి. అందుకే దారి వేసుకునేటప్పుడు కిలోమీటర్లు పక్కన పెట్టి, ఎన్ని లోయలు దాటుతున్నామో చూసుకోవాలి. మామూలుగా తొక్కేవాళ్ళకు రోజుకు రెండు లోయలు చాలు. మూడోది పెట్టుకుంటే సాయంత్రం సైకిలు తోసుకుంటూ నడవాల్సిందే.

బస ఆల్బాలో పెట్టుకున్నాం. తానరో నది ఒడ్డున, 172 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. టురిన్ నుంచి నేరుగా రైలుంది, గంటన్నర లోపే. సైకిలు గుర్తు వేసి ఉన్న పెట్టె ఎక్కాలి, సైకిలుకు టిక్కెట్టు అవసరమేమో ముందే చూసుకోవాలి. చాలామంది లా మొర్రాలో గది తీసుకుంటారు, అక్కడి నుంచి చూపు బాగుంటుందని. నేనైతే వద్దంటాను. లా మొర్రా 513 మీటర్ల మీద ఉంది. రోజంతా తిరిగి, అలసిన కాళ్ళతో చివర్లో ఆ ఎత్తు ఎక్కాలి. ఆల్బా నుంచైతే పొద్దున ఎక్కుడు, సాయంత్రం దిగుడు. సామాను గదిలో వదిలి ఖాళీ సైకిలుతో తిరగొచ్చు. గాలి ఇటు మళ్ళితే ఊరంతా వేయించిన హేజెల్‌నట్ వాసన. మన సూపర్ మార్కెట్లలో దొరికే హేజెల్‌నట్ చాక్లెట్ పేస్టు నుటెల్లా సొంతూరు ఇదే.

మొదటి రోజు దారి: ఆల్బా, రొద్ది, వెర్దూనో, లా మొర్రా, బరోలో, నొవెల్లో, మోంఫోర్తె, కాస్తిల్యోనె ఫల్లెత్తో, సెర్రలూంగా, మళ్ళీ ఆల్బా. అంతా కలిపి 60 కిలోమీటర్ల చిల్లర, ఎక్కుడు 1,000 మీటర్లకు దగ్గర. లా మొర్రాకు రొద్ది, వెర్దూనోల మీదుగా వెళ్తే ఎత్తు విడతలు విడతలుగా వస్తుంది, మధ్యలో ఊపిరి తీసుకోవచ్చు. అసలు దెబ్బలు తర్వాతవి: 300 మీటర్ల దగ్గరున్న బరోలో నుంచి 470 మీద ఉన్న నొవెల్లోకు, చివర్లో వాగు నుంచి సెర్రలూంగాకు. అరకు ఘాట్ లాంటి రోడ్లు ఎక్కినవాళ్ళు ఇక్కడ లెక్క తప్పేది ఒక చోటే. మన ఘాట్ పొడుగ్గా, నిదానంగా ఒకే తీరున ఎక్కుతుంది. ఇక్కడ ఎక్కుడు చిన్నది, కానీ మధ్యలో 200 మీటర్ల ముక్క పది, పన్నెండు శాతం వాలుతో గోడలా లేస్తుంది. పటంలో ఊరి పేరో తోట పేరో 'బ్రిక్కో' అని మొదలైతే అది కొండ కొప్పు. అక్కడ గేరు ముందే మార్చుకోండి.

గేర్ల సంగతి అద్దెకు తీసుకునేటప్పుడే తేల్చుకోవాలి. అద్దె రోడ్డు సైకిళ్ళలో తరచుగా కనిపించేది ముందు 34 పళ్ళు, వెనక 34. అంటే తొక్కుడు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే, సుమారు 2.15 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 7.7 కిలోమీటర్లు. మనిషీ సైకిలూ కలిసి 95 కిలోలుంటే, పది శాతం వాలు మీద ఆ వేగానికి 200 వాట్లకు పైగా శక్తి కావాలి. రోజూ సాధన ఉన్నవాళ్ళకే అది సాగేది. ముందు 30, వెనక 36 ఉంటే అదే తొక్కుడుకు గంటకు ఆరున్నర కిలోమీటర్ల లోపు, 175 వాట్లు చాలు. ఆ తేడా కాగితం మీద చిన్నది, మూడో ఎక్కుడులో మోకాళ్ళకు పెద్దది.

బ్యాటరీ సైకిలు తీసుకున్నా లెక్క తప్పదు. దాని బరువుతో కలిపి 110 కిలోలను 1,000 మీటర్లు ఎత్తడానికే 300 వాట్-అవర్లు పోతాయి. అందులో మోటారు మూడింట రెండొంతులు మోసినా, దాని నష్టాలతో కలిపి 270 దాకా లాగుతుంది. 500 వాట్-అవర్ల బ్యాటరీ సరిపోతుంది, మొదటి ఎక్కుడు నుంచే పెద్ద సాయం నొక్కి పట్టకపోతే.

అద్దె సైకిలు చేతికొచ్చాక మనవాళ్ళు మొట్టమొదట చూడాల్సింది బ్రేకులు. మన దగ్గర సాధారణంగా కుడిచెయ్యి ముందు బ్రేకు. అక్కడ ఎడమచెయ్యిది ముందు చక్రానికి వెళ్తుంది. అలవాటుగా కుడిది నొక్కి ముందు చక్రం ఆగుతుందనుకుంటే వెనక చక్రం జారుతుంది. కంగారులో ఎడమది గట్టిగా నొక్కితే సైకిలే బోర్లా పడుతుంది. ఆల్బాలో ఖాళీ వీధిలో పది సార్లు ఆపి చూసుకున్నాకే కొండకు తిప్పాం. పైగా బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. దిగేటప్పుడు బ్రేకు నొక్కి పట్టుకుని జారొద్దు, ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. మలుపు ముందు గట్టిగా నొక్కి, వేగం తగ్గాక వదిలెయ్యాలి. ట్యూబుకు గాలి కొట్టే వాల్వు సన్నటి ప్రెస్టా రకం. మన పాత పంపు దానికి ఎక్కదు, అడాప్టర్ ఉండాలి. 32 మిల్లీమీటర్ల టైర్లకు వెనక 60, ముందు 55 పీఎస్ఐ గాలి పెట్టాం. స్పేర్ ట్యూబులు రెండు, టైరు విప్పే ప్లాస్టిక్ ముక్కలు రెండు, ప్యాడ్ల జత ఒకటి జీను కింద సంచిలో పట్టేస్తాయి.

తోటల మధ్య తెల్లటి మట్టి దారులు చాలా ఉన్నాయి. ఎండినప్పుడు అవి స్వర్గం. వాన పడి రెండు రోజులైనా కాకపోతే పొరపాటున కూడా దిగకండి. ఈ నేల సున్నం కలిసిన బంకమట్టి. తడిస్తే టైరుకు పొర మీద పొర అంటుకుంటుంది, మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య పట్టేసి చక్రం ఆగిపోతుంది. బరోలో వైపు దిగుతూ మేం ఒక అడ్డదారిలో అర కిలోమీటరు తొక్కి, పుల్లతో మట్టి గీక్కుంటూ అరగంట పోగొట్టుకున్నాం. బలంగా తొక్కి లాగితే వెనక గేరు మార్చే డిరైలర్ వంగిపోతుంది. అలాంటప్పుడు దిగి సైకిలు ఎత్తుకోవడమే. ఆ పక్కనే, బ్రునాతె తోటలో, రంగుల చాపెల్, అంటే చిన్న ప్రార్థన మందిరం, ఉంది. 1914లో కట్టిన ఆ చిన్న కట్టడానికి 1999లో చిత్రకారులు సోల్ లెవిట్, డేవిడ్ ట్రెమ్లెట్ రంగులేశారు. దానికి తారు రోడ్డున వెళ్ళే దారి ఉండగా మట్టిలో దిగడం మా అత్యాశే.

పంటను చూసి రోడ్డును ముందే పసిగట్టొచ్చు. బరోలో వైన్ చేసే నెబ్బియోలో ద్రాక్ష ఆలస్యంగా పండేది, ఎండ బాగా కావాలి. అందుకే దక్షిణానికీ నైరుతికీ తిరిగిన వాలులన్నీ దానివే. నీడపడే ఉత్తరపు వాలుల్లో, వాగు పక్కన హేజెల్‌నట్ తోటలు వేస్తారు. దిగుతుండగా ద్రాక్ష అయిపోయి హేజెల్‌నట్ చెట్లు మొదలైతే ముందు నీడ, తడి, నాచు ఉండొచ్చని అర్థం. పదింటి దాకా అక్కడ మలుపులు నెమ్మదిగా తీసుకోవాలి. కోతల రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డు మీద మట్టిగడ్డలూ నలిగిన పళ్ళూ రాలుస్తాయి. అవీ జారతాయి.

వైన్ రుచి చూడటం దారిలో చివరి ఊరికి పెట్టుకోండి. బరోలో అంటే కనీసం 13 శాతం ఆల్కహాలు. నాలుగు రకాలు తలా 40 మిల్లీలీటర్లు తాగినా 160 అవుతుంది, తర్వాతి ఎక్కుడు ముందుకు సాగదు. ఉమ్మడానికి పాత్ర పెడతారు, వాడితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఇటలీలో రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాలు హద్దు సైకిలు నడిపేవాళ్ళకూ వర్తిస్తుంది. చాలా వైన్ నేలమాళిగలకు ముందే కబురు పెట్టుకుని వెళ్ళాలి, కోతలప్పుడు వాళ్ళకు తీరిక ఉండదు. చుట్టూ కోస్తున్న పళ్ళ వైన్ అప్పుడే అడగొద్దు. బరోలో 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. గ్లాసులోకి వచ్చేది నాలుగేళ్ళ కిందటి పంట. సీసా ఒకటి కిలోన్నర దాకా తూగుతుంది. కొనాలనుంటే ఆల్బాలోనే కొనండి.

తిండి దగ్గర శాకాహారులు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఆన్యొలోత్తి దెల్ ప్లీన్ అనే చిన్న పిండి పొట్లాలు వెన్న, సేజ్ ఆకులతో వస్తాయి, పైకి శాకాహారంలాగే ఉంటుంది. లోపల మాంసం. పచ్చసొనలు దండిగా వేసి చేసే సన్నటి తయరీన్‌ను వెన్నతో ఇమ్మని అడిగితే గుడ్డు తినేవాళ్ళకు సరిపోతుంది. పన్నెండున్నర దాటితే పల్లె కొట్లు మూసి మూడున్నరకు గానీ తియ్యరు. అందుకే పదకొండుకే రొట్టె, చీజు కొని సంచిలో వేసుకున్నాం. కుళాయి మీద 'నాన్ పొతాబిలె' అని రాసి ఉంటే ఆ నీళ్ళు తాగకూడదు.

రెండో రోజు బర్బరెస్కో వైపు. దారి చిన్నది, 40 కిలోమీటర్ల లోపే. కానీ పొద్దున తానరో లోయ నిండా పొగమంచు. దాన్ని ఇక్కడ నెబ్బియా అంటారు, ద్రాక్షకు ఆ పేరు దీన్నుంచే వచ్చిందని చాలామంది చెబుతారు. మొదట అనుకున్నట్టు నది పక్కగా బర్బరెస్కోకు పోతే గంటసేపు మంచులోనే తొక్కాలి. వరస తిప్పేసి ముందు 400 మీటర్ల మీదున్న త్రేయిసోకు ఎక్కి, నేయివె, బర్బరెస్కోల మీదుగా మధ్యాహ్నం దిగాలనుకున్నాం. ఎనిమిదింటికి ఆల్బాలో వెనక లైటు వెలిగించుకుని బయల్దేరాం. 300 మీటర్లు దాటేసరికి మంచు కిందుండిపోయింది. త్రేయిసో పక్కన కోసుకుపోయిన పెద్ద గండి, రొక్కె దెయ్ సెత్తె ఫ్రతెల్లి అంచున ఆగి, లైటు తీసి చలువ కళ్ళద్దాలు పెట్టుకున్నాం.