మామిడి కట్టెలు, మారుతి ఇరుసు: మా చిన్న ట్రాలీ ఎంతవరకు వచ్చిందంటే

ఆగస్టు

తోతాపురి కోతలు అయిపోయాయి. బంగారుపాళెం దగ్గర మా తోపులో ముదురు చెట్లకు కొమ్మలు కొట్టించాం. ఏటా ఈ కట్టెలను వచ్చిన ధరకు ఇచ్చేసేవాళ్లం. ఈసారి ఇంటికే తోలాలని ముందే అనుకున్నాం. పెరట్లో నీళ్ల కాగు కింద పొయ్యి రోజూ మండాల్సిందే, చలికాలంలో మరీనూ. తోపు నుంచి ఇంటిదాకా మట్టి దారే, మధ్యలో ఒక వంక దిగి ఎక్కాలి. పెద్ద ట్రాక్టర్ ట్రక్కు చెట్ల మధ్య తిరగదు. అందుకే మినీ ట్రాక్టర్ వెనక తగిలించే చిన్న ట్రాలీ పని మొదలుపెట్టాను.

ఇరుసు పాత మారుతి 800 కారుది, వెనకవైపుది. ఆ కారును లాగేవి ముందు చక్రాలు కాబట్టి వెనక ఇరుసులో గేర్లు, షాఫ్టు ఏమీ ఉండవు. హబ్బులు, బేరింగులు, బ్రేకు డ్రమ్ములు మాత్రం తయారుగా ఉంటాయి. పాత సామాన్ల అంగట్లో చిన్న ట్రాలీకి ఇంతకంటే అనువైనది నాకు కనిపించలేదు. తొట్టి 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే 36 ఘనపుటడుగులు, ఇంచుమించు ఒక ఘనపు మీటరు. ఖాళీ ట్రాలీ 160 కిలోలు తూగింది.

ఎంత బరువు వేయొచ్చో ట్రాక్టర్ హెచ్‌పీని బట్టి లెక్కేస్తారు చాలామంది. ముందు చూడాల్సింది టైరు. 145/70 ఆర్12 టైరు పక్కన 69 అనే అంకె ఉంటుంది. అది లోడ్ ఇండెక్స్, ఒక్కో టైరుకు 325 కిలోలు అని దాని అర్థం. రెండింటికీ 650. ఇరుసు సంగతీ అంతే. మనుషులతో నిండిన ఆ కారు మొత్తం బరువే దాదాపు వెయ్యి కిలోలు, అందులో సుమారు సగమే వెనక పడుతుంది. కాబట్టి ట్రాలీ, కట్టెలు కలిపి 570 కిలోలు దాటకూడదని గీత గీసుకున్నాను. అందులో కొంత బరువును ముందు హుక్ ద్వారా ట్రాక్టర్ మోస్తుంది, ఇరుసుకు మిగిలేది 500 చిల్లర.

ఇక్కడే పచ్చి కట్టె సంగతి తేలిపోయింది. తొట్టి నిండా పేర్చినా సందులు పోగా అసలు కట్టె అరవై శాతమే ఉంటుంది. అయినా అప్పుడే కొట్టిన మామిడి అయితే 600 కిలోల దాకా తూగుతుంది. ఖాళీ బరువు కలిపితే 760. అది ఈ ఇరుసు మోసే బరువు కాదు. సగం తొట్టితో రెండింతలు తిరగాలి, లేదంటే కట్టెను తోపులోనే ఎండనివ్వాలి. నేను ఎండనిచ్చాను.

సెప్టెంబరు

లావు మొద్దులను చీల్పించి, రాళ్ల మీద వాసాలు పరిచి, నేలకు తగలకుండా వరుసలు పేర్చాం. పైన మాత్రమే పట్టా కప్పాం. పక్కలు మూస్తే గాలి ఆడక బూజు పడుతుంది, మామిడికి పురుగు కూడా త్వరగా తగులుతుంది.

కొన్ని ముక్కలకు ఎర్ర రంగు గుర్తు పెట్టి మామిడికాయలు తూచే కాటా మీద తూకం వేస్తున్నాను. కొట్టిన రోజు 10 కిలోలున్న ముక్కలు ఇప్పుడు 7 కిలోల దగ్గరికి వచ్చాయి. తగ్గిన మూడు కిలోలూ నీళ్లే. ఆ నీళ్లను ఇంటిదాకా మోసుకెళ్లడం ఒక దండగ, పొయ్యిలో మళ్లీ వాటిని ఆవిరి చేయడానికి వేడి పోవడం ఇంకో దండగ. కిలో నీళ్లకు 600 కిలోకేలరీల దాకా ఖర్చవుతుంది. ఇప్పుడు అదే తొట్టి నిండుగా వేసినా కట్టె 410 కిలోలు. ట్రాలీతో కలిపి 570, సరిగ్గా గీత మీద.

కిలో ఎండు కట్టెకు 3,500 కిలోకేలరీలు, గ్యాసుకు 11,000 అనుకుంటే, ఒక్క లోడులో ఉండే వేడి 14.2 కిలోల సిలిండర్లు తొమ్మిదింటికి సమానం. కాగు పొయ్యిలో సగానికి పైగా వేడి బయటికే పోతుంది, అది వేరే సంగతి. అయినా మన చెట్ల కట్టెతో ఇంత దొరుకుతుంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

అక్టోబరు

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే ఎర్రమట్టి దారి బురదవుతుంది, ఎండిన కట్టె మళ్లీ తడుస్తుంది. ఆలోపు తోలేయాలని టెన్షన్. ఇప్పుడు రోజూ అదే పని.

మా పెదనాయన ఎద్దులబండి తోలినవాడు. మొదటి లోడు పేరుస్తుంటే పక్కన నిలబడి, "బరువు వెనక పెట్టినావంటే ముక్కు లేస్తాది నాయనా, ఇరుసు మీదా, కొంచెం ముందుకూ పెట్టు" అన్నాడు. అచ్చంగా అదే సూత్రం. మొత్తం బరువులో పదో వంతు, అంటే మా లెక్కన 55, 60 కిలోలు, హుక్ మీద పడాలి. వెనక బరువు ఎక్కువైతే ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది, కాస్త వేగం పెంచితే ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంది. ట్రాక్టర్ నుంచి విప్పి, హుక్ ఎత్తుకు సరిపడా చెక్క దిమ్మె పెట్టి, దాని కింద మనుషులు బరువు చూసుకునే మిషన్ పెడితే ఆ అంకె తెలిసిపోతుంది. విప్పే ముందు చక్రాలకు రాళ్లు పెట్టాలి. మొద్దులు అడుగున ఇరుసుకు కాస్త ముందు, సన్న కట్టె పైన, చివరికి రాచెట్ బెల్టు.

హుక్ ఎప్పుడూ ట్రాక్టర్ వెనక కింద ఉండే లాగుడు కడ్డీకి, అంటే డ్రాబార్‌కే. ఎత్తుగా ఉందని టాప్ లింకు (పనిముట్లు బిగించే పై కడ్డీ) దగ్గర తగిలించి లాగితే ట్రాక్టర్ ముందు భాగం లేచి వెనక్కి తిరగబడుతుంది, ప్రాణాలు పోయే పని. పిన్నుకు క్లిప్పు, పక్కన చైను తప్పనిసరి. వంకలోకి దిగేముందే చిన్న గేరులో వేసుకుంటాను, దిగేటప్పుడు క్లచ్ ముట్టను. ట్రాలీకి ఇంకా బ్రేకు లేదు కాబట్టి బరువంతా ట్రాక్టర్‌నే నెడుతుంది.

కంప ముళ్లకు ట్యూబుల్లో పంక్చర్ ద్రవం పోయించాను. నాలుగైదు లోడ్లకోసారి చక్రం పైకెత్తి ఊపి బేరింగు చూస్తున్నాను.

పలమనేరులో మా అక్కవాళ్లకు పట్టుపురుగుల షెడ్డు ఉంది. చిన్న పురుగులకు 27, 28 డిగ్రీల వేడి ఉండాలి, చలికాలంలో అక్కడ అది మామూలుగా నిలవదు. కట్టెలు పంపమని అక్క అడిగింది. ఈ ట్రాలీతో దారిలో ఉన్న మొగిలి ఘాటు ఎక్కే ప్రశ్నే లేదు. రోడ్డెక్కాలంటే ట్రాలీకి రిజిస్ట్రేషన్ కావాలి, ఘాటులో బ్రేకులు కావాలి. ఆ లోడు టాటా ఏస్‌లో పంపుతాం. ఎర్రచందనం అడవులున్న ప్రాంతం మనది, కట్టెల బండి కనిపిస్తే ఆపి చూస్తారు. కాబట్టి పర్మిట్ సంగతి ముందే అటవీ శాఖ ఆఫీసులో కనుక్కుంటాను.

ఇక మిగిలింది బ్రేకు. డ్రమ్ములు ఎలాగూ ఉన్నాయి, లోపల కొత్త షూలు వేయించాను. హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌ను ముందుకు లాగి, ట్రాక్టర్ సీటు నుంచి అందేలా లీవర్ బిగించాలి. కేబుల్ పొడవు చాలడం లేదు, చిత్తూరులో కొలత ఇచ్చి చేయించమని చెప్పొచ్చాను.