మూల టేబుల్

ఫ్రెండ్స్‌తో రెస్టారెంట్‌కి వెళ్తే నేను ముందు చూసేది మెనూ కాదు, పైకప్పు. నున్నటి కాంక్రీటు, చుట్టూ అద్దాలు, గట్టి నేల కనిపించాయా, ఇక ఆ సాయంత్రం ఒకరి మాట ఒకరికి వినబడదు. శబ్దాన్ని పీల్చుకునేదేదీ ఉండదు మరి. పక్క టేబుల్ వాళ్ళు గొంతు పెంచుతారు, వాళ్ళని మించి మనం. చుట్టూ రొద పెరిగితే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే చెప్పాడు. అందుకే కర్టెన్లూ, మెత్తటి సోఫాలూ ఉన్న మూల టేబుల్ కోసం ఎంతసేపైనా నిలబడతాను. మావాళ్ళు చాదస్తం అంటారు. అననీ.

గుండ్రటి టేబుల్ దొరికితే పండగే. పొడవాటిదైతే ఆ చివర ఎందుకు నవ్వుతున్నారో ఈ చివరకి మర్నాటికి గానీ తెలియదు.

బిల్లు దగ్గర మాత్రం నాకు మొహమాటం లేదు. ఆర్డర్ ఇవ్వకముందే అడిగేస్తాను: "సమానంగా పంచుకుందామా, ఎవరిది వాళ్ళా?" సమానం అనగానే అందరికీ ఆకలి పెరుగుతుంది. ఇది మా ఒక్కళ్ళ జబ్బేమీ కాదు. ఇజ్రాయెల్‌లో ఆర్థికవేత్త యూరి గ్నీజీ బృందం ఆరుగురేసి మనుషుల్ని రెస్టారెంట్‌లో కూర్చోబెట్టి చూసింది. 2004లో వచ్చిన ఆ పరిశోధనలో, ఎవరిది వాళ్ళు కట్టుకున్నప్పుడు మనిషికి సగటున 37 షెకెళ్ళు (అక్కడి కరెన్సీ) అయితే, సమానంగా పంచుకున్నప్పుడు 51 అయ్యాయి. వాళ్ళు ఒకరికొకరు కొత్తవాళ్ళు. స్నేహితులైతే కాస్త సిగ్గుపడేవాళ్ళేమో అనుకుందామంటే, మావాళ్ళని రోజూ చూస్తున్నాగా!

ఉత్త కాఫీ తాగి కూర్చున్నవాళ్ళకి మాత్రం మేం వాటా వెయ్యం.