గురువారం వెలుగు, శుక్రవారం వంజరం

మాది కాథలిక్ ఇల్లు. గురువారం వస్తే సాయంత్రం జపమాల కంటే ముందు ఒక చిన్న తగువు నడుస్తుంది. జపమాల చెప్తూ ధ్యానించే ఏసు, మరియమ్మల జీవిత ఘట్టాల్నే దేవరహస్యాలు అంటాం, రోజుని బట్టి ఒక్కో వరస. ఆ రోజు వెలుగు దేవరహస్యాలు చెప్పుకోవాలని మా పెద్దాడి వాదన. మత పాఠాలు చెప్పే సత్యోపదేశం క్లాసులో సిస్టర్ గారు అలాగే నేర్పారు. వాడు నోరు తెరిచేలోపే మా అమ్మ సంతోష దేవరహస్యాలు మొదలుపెట్టేస్తుంది. ఆవిడ పెరిగిన లెక్కలో సోమ, గురువారాలు సంతోషం. మంగళ, శుక్రవారాలు దుఃఖం. మిగతా మూడు రోజులూ మహిమ. 2002లో రెండవ జాన్ పాల్ పోపు గారు వెలుగు దేవరహస్యాలు అయిదింటిని కొత్తగా చేర్చి, గురువారం వాటికి కేటాయించారు. అప్పటికే అమ్మ వేళ్ళకి పాత లెక్క పట్టేసింది.

"ఇన్నేళ్ళూ చెప్పినవి మరియమ్మ తల్లి వినలేదేటిరా?" అంటుంది.

"పోప్ గారే మార్చారు మామ్మా!" అంటాడు వాడు.

పోప్ గారి పేరెత్తితే అమ్మ ఎదురు చెప్పలేదు. అలాగని ఊరుకోనూ లేదు. ఒకరోజు నేనే కూర్చుని, పోప్ గారు ఆ మార్పు గురించి రాసిన లేఖ చదివాను. ఏ రోజు ఏది చెప్పుకోవాలన్నది ఆయన ఒక సూచనగానే పెట్టారు, ప్రార్థన చేసుకునేవాళ్ళ స్వేచ్ఛకి అది అడ్డు కాదని కూడా రాశారు. ఈ సంగతి ఇద్దరికీ చెప్పాను. ఇద్దరికీ నచ్చలేదు.

అప్పట్నుంచే నాకొక అలవాటు పట్టుకుంది. పిల్లల విషయంలో ఇంట్లో ఎవరైనా "ఇలాగే చెయ్యాలి" అంటే, నిజంగా తిరుసభ, అంటే మా కాథలిక్ సంఘం, అడిగిందా, మన పెద్దవాళ్ళు అడుగుతున్నారా అని వెతికి చూస్తాను. చాలాసార్లు తిరుసభ అడిగేది తక్కువే ఉంటుంది. మిగతాదంతా మనం కలిపింది. జపమాలనే తీసుకోండి. రోజూ ఇంటిల్లిపాదీ కూర్చుని చెప్పి తీరాలని చట్టం ఏదీ లేదు. చెప్పుకుంటే మంచిది, అంతవరకే. కానీ కంచరపాలెంలో మా వీధిలో ఉన్న నాలుగు కాథలిక్ ఇళ్ళలో ఎక్కడికి వెళ్ళినా, సాయంత్రం జపమాల ఎగ్గొట్టిన పిల్లాడిని దొంగని చూసినట్టు చూస్తారు.

మా పెద్దాడికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి నాలుగు. అయిదు దేవరహస్యాలు, చివర్న దేవమాత ప్రార్థన, ఆ తర్వాత ఆత్మల కోసం, ఊళ్ళో ఉన్న రోగుల కోసం, నా ప్రమోషన్ కోసం అమ్మ కలిపేవి, అన్నీ అయ్యేసరికి అరగంట. నాలుగేళ్ళ పిల్లకి అరగంట అంటే ఎంతో, దాన్ని బువ్వ తినిపించడానికి కూర్చోబెట్టిన ఎవరికైనా తెలుసు. మొదట్లో అది జపమాలని మెడలో వేసుకునేది, తర్వాత నోట్లో పెట్టుకునేది, తర్వాత పిల్లి తోకకి కట్టడానికి తిరిగేది. అమ్మ కళ్ళు మూసుకునే ఉరిమేది. పూసకొకటి చొప్పున మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం మధ్యలో "ఏయ్, కూర్చో" అని వినిపించేది, మళ్ళీ జపం అదే రాగంలో సాగేది.

ఇప్పుడు ఒప్పందం ఏమిటంటే, పిల్లలకి ఒక్క దేవరహస్యమే. ఆ పది మంగళవార్తలూ బుద్ధిగా చెప్తే లేచిపోవచ్చు. కొవ్వొత్తి పెద్దాడు వెలిగిస్తాడు, ఆర్పే హక్కు చిన్నదానిది. దీనికి అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "మిమ్మల్ని ఒక్కదానితోనే పెంచేనా?" అంది. నిజమే, మమ్మల్ని అయిదింటితోనూ పెంచింది. మోకాళ్ళ మీద. నిద్రొచ్చి తూలితే అన్నయ్య నన్ను గిల్లేవాడు, నేను చెల్లిని గిల్లేవాణ్ణి. ఆ గిల్లుళ్ళు తప్ప ఆ ప్రార్థనలో నాకేమీ గుర్తులేదని అమ్మతో అంటే బాధపడుతుందని అనలేదు. ఇక్కడ రాస్తున్నాను, ఆవిడ ఇవి చదవదు.

విచిత్రం ఏమిటంటే, వదిలేశాక చిన్నది తనంతట తనే వెనక్కి వస్తోంది. దేవమాత ప్రార్థనకి. అందులో పెద్దవాళ్ళు మరియమ్మ బిరుదులు ఒక్కొక్కటే చదువుతుంటే మిగతావాళ్ళు ఒకే మాట తిరిగి చెప్పాలి. దానికి ఆ ఒక్క మాటా వచ్చు. గొంతు చించుకుని చెప్తుంది. కింద ఫ్లాట్ ఆంటీ ఒకసారి "మీ పాప మంచి భక్తురాలండీ" అన్నారు. అది భక్తో, అరిచే ఛాన్సో మాకింకా తేలలేదు.

నాకు బి షిఫ్ట్ ఉన్న వారం నేను ఇంటికి చేరేసరికి పిల్లలు పడుకుని ఉంటారు, ఇవన్నీ మా ఆవిడ ఫోన్‌లో చెప్తే వినడమే. నేను లేని వారం జపమాల సజావుగా సాగుతుందని ఆమె అంటుంది. దాని మీద నేను వ్యాఖ్యానించను.

ఆదివారం సంగతి వేరు. ఏడు గంటల పూజ. మా గుడిలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, మధ్యలో నడిచే దారి. చెప్పులు బయట. ముందు భాగమంతా చాపలు, వెనకాల ముసలివాళ్ళకి కుర్చీలు. పెద్దాడు నాతో, చిన్నది వాళ్ళమ్మతో. ఇదంతా పెద్దవాళ్ళ కోసం చేసిన ఏర్పాటు. పూజ సగానికి వచ్చేసరికి చిన్నది ఆ మధ్య దారిని సొంత రోడ్డు చేసుకుంటుంది. వాళ్ళమ్మ దగ్గర్నుంచి నా దగ్గరికి, నా దగ్గర్నుంచి మామ్మ దగ్గరికి. మొన్నామధ్య కానుక సంచిలో పది రూపాయల బిళ్ళ వేసి, సంచి పట్టుకున్నాయన్ని చిల్లర అడిగింది. ఆయన మర్యాదస్తుడు, "వచ్చే వారం ఇస్తానమ్మా" అన్నాడు. ఆ వచ్చే వారం అది మర్చిపోలేదు.

తిరుసభ చట్టం ప్రకారం ఏడేళ్ళు నిండేవరకూ పిల్లలకి ఆదివారం పూజ బాధ్యతే లేదు. అయినా తీసుకెళ్తాం, ఇంట్లో ఎవరి దగ్గర వదులుతాం? తీసుకెళ్ళడమే మంచిదని కూడా నా నమ్మకం. కానీ బాధ్యత లేని పిల్ల కదిలిందని మనం సిగ్గుతో చచ్చిపోనక్కర్లేదు. నాకు ఒళ్ళు మండేది ఒక్కటే, కదలకుండా ఉంటారని పూజలో పిల్లల చేతికి ఫోన్ ఇవ్వడం. పిల్లది అటూ ఇటూ తిరిగితే కనీసం పీఠం వైపు నాలుగుసార్లయినా చూస్తుంది. గంట మోగినప్పుడు ఆగుతుంది. ఫోన్ చూసే పిల్లకి ఆ గంట కూడా వినపడదు.

ఇడ్లీ తగువు కూడా ఆదివారానిదే. పూజకి ముందు ఏమీ తినకూడదని అమ్మ పట్టు. ఒకప్పుడు అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండేవారు, వాళ్ళమ్మ అలాగే ఉండేదట. 1964 నుంచి అది ఒక్క గంటే. అదీ పూజ మొదలవడానికి గంట కాదు, దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే రొట్టె, తీసుకోవడానికి గంట. మంచినీళ్ళకీ మందులకీ అసలు అడ్డే లేదు. ఏడు గంటల పూజలో సత్ప్రసాదం వేళకి ఏడూ ముప్పావు అవుతుంది, కాబట్టి ఆరున్నరకి రెండు ఇడ్లీలు పెడితే ఏ నియమమూ తప్పినట్టు కాదు. పైగా పెద్దాడు ఇంకా సత్ప్రసాదం తీసుకోవడం లేదు, చిన్నదాని సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ళకి ఆ గంట నియమమూ లేదు. ఆకలితో ఉన్న పిల్లాడు ఫాదర్ గారి ప్రసంగంలో ఏం వింటాడు? మా ఆవిడ ఈ లెక్కంతా వినకుండానే ఎప్పట్నుంచో పెడుతోంది, అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు.

ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల తపస్సుకాలంలో మాత్రం పిల్లలే మమ్మల్ని ఇరుకున పెడతారు. మాంసం మానడం పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళకి, ఉపవాసం పద్దెనిమిది దాటినవాళ్ళకి. మా పిల్లలిద్దరికీ రెండూ వర్తించవు. కానీ ఇంట్లో అందరూ మానేశాక వాళ్ళకి విడిగా చికెన్ ఎవరు వండుతారు? శుక్రవారం వస్తే అమ్మ ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి వచ్చే చేపలామె కోసం గుమ్మంలో కాపు కాస్తుంది. దొరికితే వంజరం, లేకపోతే కానాగంతలు, ఏమీ లేకపోతే నెత్తళ్ళు. మామిడికాయ కాలం కూడా అదే కాబట్టి పులుసులో రెండు ముక్కలు పడతాయి. ఇల్లంతా వాసన. పోయిన తపస్సుకాలంలో పెద్దాడు ఆ పులుసు రెండోసారి వేయించుకుని, "నాన్నా, ఇది తపస్సా?" అన్నాడు. చట్టం ప్రకారం చేప మాంసం కాదని చెప్పాను. "చికెన్ కంటే ఇదే బాగుంది కదా" అన్నాడు. దీనికి విశాఖపట్నంలో సమాధానం లేదు. సముద్రం లేని ఊళ్ళో అయితే ఏమైనా చెప్పొచ్చేమో.

వాడి లెక్కలు అక్కడితో ఆగవు. క్లాసులో వాడి స్నేహితులు సగం మంది శనివారం నీచు తినరు. వాళ్ళకి శనివారం, మనకి శుక్రవారం అని వాడికి అర్థమైపోయింది, అందులో ఇబ్బందేమీ లేదు. కింద ఫ్లాట్ అంకుల్ ప్రతి ఏడూ అయ్యప్ప మాల వేసుకుంటారు. చెప్పులు లేకుండా తిరగడం, చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, అన్నీ వీడు గమనిస్తాడు. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం గుడి నుంచి వస్తూ స్కూటీ మీద వెనకనుంచి అడిగాడు: "అంకుల్ అన్నీ మానేస్తారు కదా, నువ్వేటి మానేస్తావ్ నాన్నా?" నుదుటి మీద బూడిద ఇంకా ఆరలేదు. టీ అన్నాను. డ్యూటీలో టీ మానడం ఎంత కష్టమో ఆ నలభై రోజులూ తెలిసొచ్చింది. పిల్లల్ని ఏమీ అడగొద్దని వాదించే నేను, పిల్లాడు అడిగితే తప్పించుకోలేకపోయాను. చిన్నది కూడా తనంతట తానే కాకరకాయ మానేసింది.

డిసెంబరు 8 మా పిల్లలకి క్రిస్మస్ తర్వాత అంత పండగ. ఆ రోజు కొండగుడి పండగ. పాత ఊళ్ళో పోర్టు పక్కన మూడు కొండలు, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మా మరియమాత గుడి. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి రాస్ హిల్ అనే పేరొచ్చింది, ఆ ఇల్లే తర్వాత గుడి అయ్యింది. పండగకి మా వాళ్ళే కాదు, అన్ని మతాలవాళ్ళూ ఎక్కుతారు. కింద ఫ్లాట్ ఆంటీ మాతోపాటే వస్తారు, మొక్కు ఉందట, ఏమిటని మేం అడగలేదు.

చిన్న పిల్లలతో వెళ్ళేవాళ్ళకి నా అనుభవంతో ఒక మాట. జనం పెరిగేలోపు బేగి ఎక్కేయండి. దిగేటప్పుడు పిల్లని భుజాల మీద కాకుండా చేతుల్లో పట్టుకోండి. కొవ్వొత్తులు ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడ కొనడానికి ఆగితే పిల్లలు బొమ్మల దుకాణాలు చూసేస్తారు. పైన ఎక్కువ ప్రార్థన ఆశించకండి. ఓడ వెళ్ళే దారి కనిపిస్తుంది, ఒక్క ఓడ కదిలినా చాలు, పిల్లలు ఇక గుడి వైపు తిరగరు. మా పెద్దాడు పోయిన ఏడాది అక్కడ నిలబడి, మూడు కొండల మీదా దేవుళ్ళుంటే ఓడలవాళ్ళు ఎవరికి దణ్ణం పెడతారని అడిగాడు. ఆంటీ "ముగ్గురికీ నాన్నా, సముద్రం కదా" అన్నారు. నేను ఇంకేదో చెప్పబోయి మానేశాను.

ఇప్పుడు ఇంట్లో టెన్షన్ అంతా పెద్దాడి ఫస్ట్ కమ్యూనియన్ గురించి, అంటే వాడు మొదటిసారి సత్ప్రసాదం తీసుకోవడం గురించి. ఒకప్పుడు పిల్లలు పది, పన్నెండేళ్ళు దాటేవరకూ ఆగాల్సి వచ్చేది. పదవ పయస్ పోపు గారు 1910లో దాన్ని ఏడేళ్ళ చుట్టుపక్కలకి తెచ్చారు. రొట్టెకీ క్రీస్తు శరీరానికీ తేడా పిల్లవాడు తనకి తోచినంతలో తెలుసుకుంటే చాలన్నారు, పెద్దవాళ్ళంత జ్ఞానం అక్కర్లేదన్నారు. ఈ ముక్క నేను ఇంట్లో అందరికీ వినిపించాను. అయినా అమ్మ వాడిని కూర్చోబెట్టి పది ఆజ్ఞలు వెనకనుంచి ముందుకి కూడా అప్పజెప్పించుకుంటోంది. తెల్ల చొక్కా టైలర్ దగ్గరుంది, ఇదిగో అదిగో అంటున్నాడు.

దానికంటే ముందు, ఫాదర్ గారి దగ్గర తన పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం ఉంది. మర్చిపోకుండా ఉండటానికి పాపాలు రాసుకోవచ్చని సిస్టర్ గారు చెప్పారట. వాడు రఫ్ బుక్కులోంచి ఒక కాగితం చింపి రాయడం మొదలుపెట్టాడు. మొదటి రోజు పూర్తయ్యేసరికి ఒక పేజీ నిండింది. చెల్లిని కొట్టింది, హోంవర్క్ చేశానని అబద్ధమాడింది, పిల్లి మీద నీళ్ళు పోసింది. రెండో పేజీలో చెల్లి చేసినవి మొదలయ్యాయి. "అది చిన్నది కదా, దానికి పాపసంకీర్తనం లేదు, అందుకే నేనే చెప్పేస్తాను" అన్నాడు. ఎవరివి వాళ్ళే చెప్పుకోవాలని మా ఆవిడ నచ్చజెప్పింది. చెల్లివి కొట్టేశాడు, కానీ మూడో పేజీ దాచాడు. రాత్రి నేను డ్యూటీ నుంచి వచ్చాక ఆమె నాకు చూపించింది. "మామ్మ జపమాల చెప్తూ టీవీ సీరియల్ చూసింది" అని ఉంది, కింద గీత కూడా గీశాడు.

మర్నాడు అమ్మకి చదివి వినిపించాను. "సీరియల్ కాదురా," అంది, "వార్తలు."