ఇక్కడా వాననీడే

మంచు ఊరంటే తడి ఊరనుకుని వచ్చాను. వచ్చిన నెలకే వేళ్లు పగిలాయి. పొద్దున లేస్తే ముక్కులో రక్తం చారలు. హోటల్ వంటగదిలో పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పడం మరిస్తే కాసేపటికే పైన పొర కట్టేస్తుంది. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. ఈ పొడిగాలి నాకు తెలిసిందే. చలి ఒక్కటే కొత్త.

స్వీడన్‌లో ఆర్కిటిక్ వలయం దాటి ఇంకా 200 కిలోమీటర్లు పైకి వస్తే అబిస్కో. వంద మంది అటూ ఇటూ ఉండే పల్లె. ముందు 70 కిలోమీటర్ల పొడవున టోర్నెట్రెస్క్ సరస్సు, వెనక కొండలు. కిరునా గనుల ఇనుప ఖనిజాన్ని నార్వేలోని నార్విక్ రేవుకు మోసుకెళ్లే గూడ్సు బళ్లు రాత్రీ పగలూ ఊరి పక్క నుంచే పోతుంటాయి.

వానా మంచూ అన్నీ కలిపినా ఇక్కడ ఏడాదికి పడేది 300 మిల్లీమీటర్ల చిల్లర. కరువు జిల్లా అని పేరున్న మా అనంతపురానికే 550 దాకా పడుతుంది! కారణం బళ్లో చదువుకున్న వర్షచ్ఛాయే. మాకు పడమటి కనుమలు అడ్డం, వీళ్లకు నార్వే సరిహద్దు కొండలు. అట్లాంటిక్ మీంచి వచ్చే మబ్బులు బరువంతా ఆ కొండల మీదే దించేస్తాయి. రైలెక్కి సరిహద్దు దగ్గరి రిక్స్‌గ్రెన్సెన్ వెళ్తే అక్కడ దట్టంగా మంచు కురుస్తుంటుంది. అదే సమయంలో మా నెత్తిన మాత్రం ఆకాశం కన్నం పెట్టినట్టు తెరుచుకుని ఉంటుంది. దాన్ని బ్లూ హోల్ అంటారు. రాత్రి ఆకాశంలో మెరిసే ధ్రువకాంతులు చూడ్డానికి జనం ఇంతదూరం వచ్చేది అందుకే. మా ఊళ్లో మబ్బు రాకపోతే బెంగళూరు బస్సెక్కి వెళ్లిపోతారు. ఇక్కడ మబ్బు ఉండదనే రైలెక్కి వస్తారు. మబ్బు లేని ఆకాశం పెట్టే అన్నం తింటున్నానని తలుచుకుంటే ఒక్కోసారి గుండె బరువెక్కుతుంది.

ఊరి నుంచి ఫోన్ చేసే ప్రతివాళ్లూ చీకటి గురించే అడుగుతారు. డిసెంబరులో నెల రోజులు సూర్యుడు రాడు, మధ్యాహ్నం కాసేపు నీలం వెలుగు ఉంటుంది, అంతే. మే చివరి నుంచి జూలై సగం దాకా అస్తమించడు. చీకటికి అలవాటు పడ్డాను. చలికాలం వానకు మాత్రం పడలేకపోయాను.

పోయిన జనవరిలో ఒక వారం మైనస్ 20. తర్వాత పడమటి గాలి తిరిగి, ప్లస్‌లోకి వచ్చి, రోజంతా వాన. రాత్రికి మళ్లీ గడ్డకట్టింది. పొద్దున బూట్లకు ముళ్ల పట్టీలు వేసుకుని డ్యూటీకి వెళ్లాను. అడుగు కింద రోజూ కరకరలాడే మంచు ఆ రోజు చప్పుడు చెయ్యలేదు. వంటగది వెనక తలుపు దగ్గర నాతో పనిచేసే అమ్మాయి నిలబడి ఉంది. ఈ ఉత్తరాది ఆదివాసులైన సామి వాళ్లమ్మాయి, ఇంట్లో రెయిన్‌డీర్ జింకల మంద ఉంది. మడమతో నేలను గట్టిగా తన్నింది. పగల్లేదు. ఇంకోసారి తన్నింది. వాళ్ల మంద చలికాలమంతా తూర్పున అడవుల్లో మేస్తుంది, వాన అక్కడా పడింది. మంచును గిట్టలతో తవ్వుకుని కింద నేల మీద నాచులా పెరిగే లైకెన్ తింటాయవి. పైన గాజులా గడ్డ కడితే తవ్వలేవు. "మేత అక్కడే ఉంటుంది, అందదు" అంది. ఇక దాణా కొని పోయాల్సిందే.

ఊళ్లోని పరిశోధన కేంద్రంలో 1913 నుంచి ఉష్ణోగ్రతలు రాసిపెడుతున్నారు. 2006 నాటికే ఏడాది సగటు 2.5 డిగ్రీలు పెరిగి, సున్నాకు కింద ఉండేది సున్నా దాటింది. సున్నాకు ఆ పక్కన మంచు, ఈ పక్కన వాన. ఆ లెక్క అర్థం కావడానికి నాకు ఆ అమ్మాయి మడమ చాలింది.

రాత్రి అమ్మకు చెప్పాను. నా చిన్నప్పటి కరువులో నాయన ఎద్దుల్ని గడ్డి క్యాంపుకు తోలుకుపోయి, వాటి పక్కనే పడుకున్న రోజులు అమ్మ మర్చిపోలేదు.

"వాటికీ మేత కొనాల్నా నాయనా? బస్తా ఎంత పడుతుందంట?"

మరుసటి వారం ఫోన్ ఎత్తగానే, తిన్నావా అని కూడా అడక్కుండా, ఆ జింకలకు మేత దొరికిందా అంది. ఆ అమ్మాయి ఇచ్చిన ఫొటో పంపాను. మంచులో పొడవాటి తొట్టి, దాని చుట్టూ మూగిన మంద. నాయన ఫోన్ తీసుకుని చాలాసేపు చూశాడు.

"అంత బొచ్చుంటే డొక్క కనపడదు. వెన్ను మీద చెయ్యేసి తడిమి చూడమను. అప్పుడు తెలుస్తుంది."

నాకొచ్చిన కాస్త స్వీడిష్‌లో కూడబలుక్కుని ఆ మాట ఆమెకు చెప్పాను. గిన్నెలు కడుగుతున్నదల్లా ఆగింది. తడి చెయ్యి తుడుచుకుని, గాల్లోనే ఒక వెన్నును తడిమినట్టు చూపించింది.

"మా నాన్న రోజూ ఇట్లాగే చూస్తాడు."